చేదు పోయిన నేలవేము

మృగశిర కార్తె, తొమ్మిదో రోజు

ఇది మందుల గది పుస్తకం కాదు. ఆ పుస్తకంలో రోజుకి ఎన్ని సీసాల మొక్కలు కోశానో, ఎన్నింటికి బూజు పట్టిందో రాస్తాను. వారానికోసారి మా గది పెద్ద హైమవతిగారు చూసి సంతకం పెడతారు. ఈ పుస్తకం ఎవరికీ చూపించను.

దీన్ని మొదలుపెట్టడానికి కారణం మా వదిన అన్న ఒక్క మాట. వానలు పడే ముందు కొండ మీద ప్రతి మనిషీ నేలవేము చుక్కలు పది వేసుకోవాలని నియమం. పచ్చజ్వరం రాకుండా అది మొదటి రక్షణ, వచ్చాక అదే మందు. ఇవాళ పొద్దున్న వదిన చుక్కలు వేసుకుని పెదాలు చప్పరించింది.

"ఏటమ్మీ, మీ మందులగదిలో బెల్లం గానీ కలుపుతున్నారేటి?"

"బెల్లం ఎక్కడుంది వదినా, కలపడానికి?"

"మరి సేదేదీ? మీ అన్న ఉన్నప్పుడు ఇది తాగితే మర్నాటి అంబలి కూడా సేదుగా ఉండేది."

మా అన్నయ్య పోయి పదకొండేళ్లయింది. వదిన పోలమ్మా, నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆవిడ ప్రతిదానికీ వంక పెడుతుంది కనుక నవ్వి ఊరుకున్నాను. కానీ పనిలోకి వెళ్లాక మనసు ఆగలేదు. నీటి తొట్లలో కోతకి వచ్చిన నేలవేము ఆకు ఒకటి తుంచి నమిలాను. తొట్టిలో ఆకు నోట పెట్టడం తప్పు. అయినా పెట్టాను.

చేదుగానే ఉంది. వేపపువ్వు పచ్చడంత చేదు. నేలవేముకి ఉండాల్సింది అది కాదు. ఈ కొండకి వచ్చిన కొత్తలో, నాకు పద్నాలుగేళ్లప్పుడు, పచ్చజ్వరంలో అమ్మ నా నోట్లో కుక్కిన ఆకు ఇంకా గుర్తుంది. వాంతి ఆపుకోలేకపోయాను.

ఆరుద్ర కార్తె, రెండో రోజు

హైమవతిగారితో చెప్పాను. డెబ్భై రెండేళ్ల మనిషి. సముద్రం ఊళ్లని మింగినప్పుడు ఒక పెట్టెలో పన్నెండు సీసాల నేలవేము పెట్టుకుని ఈ కొండ ఎక్కింది. ఆ పన్నెండు సీసాల సంతానమే ఇవాళ మా దగ్గరున్న తొమ్మిది వేల సీసాలు. నాకు కత్తి పట్టడం నేర్పింది కూడా ఆవిడే. వడకట్టిన గాలి వీచే గాలిపెట్టె ముందు కూర్చుని, కత్తిని దీపం మీద కాల్చి, మొక్కని కణుపు దగ్గర కోసి, ఆ ముక్కని కొత్త సీసాలో పోషకాల జెల్లీలోకి గుచ్చుతాను. ఒక మొక్క ఐదవుతుంది. ఐదు వారాలకి మళ్లీ కోత; కొన్నింటిని నీటి తొట్లలో పెంచి, ఆ ఆకుల రసంతో చుక్కలు చేస్తాం. పందొమ్మిదేళ్లుగా నా పని అదే.

"నాలుక మీద నమ్మకం పెట్టుకోకు రత్నం," అన్నారు. "వయసుతో రుచి తగ్గుతుంది. యంత్రం ఏమంటోందో చూడు."

కొలతగదిలో ఉన్న యంత్రం మా రసాన్ని, కొలత సీసాలో దాచిన అసలు రసంతో పోల్చి చూస్తుంది. రెండూ సమానమైతే నూరు చూపిస్తుంది. ఆ గదిని చూసుకునే జగన్నాథరాజుగారు చీటీ తెచ్చిచ్చారు. నూట ఒకటి.

చీటీ ఇస్తూ ఆయన నా మొహంలోకి చూడలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

వదినకీ నాకూ ఒకేసారి నాలుక మొద్దుబారిందా?

ఆరుద్ర కార్తె, పదకొండో రోజు

రాజుగారు ఈ కొండ మనిషి కాదు. గోదావరి దిగువన తీరం మీద ఇంకో ఊరు ఉండేది. అది కొట్టుకుపోయాక రెండేళ్ల కిందట ఒక్కడే ఇక్కడికి చేరాడు. యంత్రం నడపడం వచ్చన్నాడు కనుక కొండని నడిపే కమిటీ చేర్చుకుంది. ఎవరితోనూ కలవడు. ఆయన ఇచ్చిన చీటీలో అంకె తప్ప మాకు వేరే సాక్ష్యం లేదని ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు.

తొమ్మిది రోజులుగా గమనిస్తున్నాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు ఆయన కొలతగదికి తాళం వేసి, చంకలో టీ ఫ్లాస్కు పెట్టుకుని కొండ పైమెట్టు వైపు వెళతాడు. అటు పాడుబడ్డ నీటి ట్యాంకులు తప్ప ఏమీ లేవు. ఇవాళ ఆయన నాకు పళ్లెం అందిస్తుంటే గోళ్లు చూశాను. గోళ్ల సందుల్లో మట్టి.

మా కొండ మీద మట్టి తాకేవాడు ఎవడు? ఇక్కడి మట్టికి వేరుకుళ్లు పట్టింది. అది గాలి తగిలినా సీసాలకి ఎక్కుతుందని, మట్టిలో మొక్క పెంచినవాళ్లని కొండ దించేయాలని కమిటీ నియమం. తిండి గింజలు కూడా నీటి తొట్లలోనే పండిస్తాం.

వదినకి చెబితే, "నీకు నీ నీడని సూసినా అనుమానమే. పెల్లి సంబందాలన్నీ అలగే ఎల్లగొట్టినావు," అంది.

పునర్వసు కార్తె, నాలుగో రోజు

వానలు పట్టుకున్నాయి. పచ్చజ్వరం కూడా. ఈ వారంలోనే జ్వరాలగదికి ఎనిమిది మంది వచ్చారు. ఎనిమిదో మనిషి మా వదిన.

పొద్దున్న లేచేసరికి కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. వద్దంటున్నా వినకుండా నడిపించుకు వెళ్లాను. జ్వరాలగది నర్సు ఎస్తేరు పూటకి ముప్పై చుక్కలు మొదలుపెట్టింది.

"ఇరవైకి తగ్గాల అక్కా, మామూలుగా. ఈసారి ముప్పైకి కూడా దిగడం నేదు," అంది చిన్న గొంతుతో. "మందు మంచిదేనా?"

"యంత్రం నూరు చూపించింది," అన్నాను. నా మాట నాకే నచ్చలేదు.

పునర్వసు కార్తె, తొమ్మిదో రోజు

వదినకి జ్వరం దిగింది. రెండు రోజులుగా అంబలి అడుగుతోంది, పక్కమంచం ఆవిడతో పోట్లాడుతోంది. మందు పనిచేసిందని ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ సంతోషం మధ్యాహ్నం దాకా నిలిచింది.

మధ్యాహ్నం జ్వరాలగది కిటికీలోంచి చూస్తే లోపల రాజుగారు. ఎస్తేరు అటు తిరిగి ఉంది. ఆయన ఫ్లాస్కు మూత తీసి, దాంట్లోది గ్లాసులో పోసి వదినకి తాగిస్తున్నాడు. వదిన మొహం చిట్లించి, ముక్కు మూసుకుని మింగింది. తర్వాత ఇంకో రెండు మంచాల దగ్గరికి వెళ్లాడు.

నేను లోపలికి వెళ్లలేదు. ఆయన బయటికి వచ్చాక వెనకాలే నడిచాను. పైమెట్టు మీద మూడో ట్యాంకు రేకు తలుపు తీసి లోపలికి వెళ్లాడు. తుప్పు కన్నంలోంచి చూశాను. ట్యాంకు అడుగున మట్టి. నిజమైన నల్లటి మట్టి. దాంట్లో ఏవో మొక్కలు వరసగా. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆకులు కోస్తున్నాడు.

 కొలతల్లో మోసం చేసేవాడు, దొంగచాటుగా మట్టి మోసుకొచ్చినవాడు, ఇప్పుడు మా వదినకి ఏదో తాగిస్తున్నాడు. మంచి రసం దాచుకుని ఎటో పంపుతున్నాడేమో. మా మీద ఏదో ప్రయోగం చేస్తున్నాడేమో. ఏమైనా కావచ్చు.

అక్కడి నుంచి తిన్నగా కమిటీ ఇంటికి వెళ్లాను. కమిటీ పెద్ద సన్యాసినాయుడుగారికి చూసింది చూసినట్టు చెప్పాను.

పునర్వసు కార్తె, పదో రోజు

రాజుగారిని గొలుసుగదిలో పెట్టారు. ట్యాంకులో మట్టిని సున్నం పోసి కాల్చారు. విచారణలో చూపించడానికి ఏడు మొక్కలు మాత్రం వేళ్లతో తీసి, అద్దాల పెట్టెలో పెట్టి సీలు వేశారు. విచారణ అయ్యాక వాటినీ కాలుస్తారు.

నలుగురూ నన్ను మెచ్చుకున్నారు. హైమవతిగారు మాత్రం, "ఆ మొక్కలు ఏమిటో చూశావా?" అని అడిగారు. చూడలేదన్నాను. 

ఆవిడ ఆ ప్రశ్న ఎందుకు అడిగినట్టు?

పుష్యమి కార్తె, మొదటి రోజు

వదినకి జ్వరం తిరగబెట్టింది. ఈసారి మనిషిని గుర్తుపట్టడం లేదు. ఎస్తేరు నన్ను వరండాలోకి లాక్కెళ్లింది.

"అక్కా, ఒకటి సెప్తాను, కోప్పడకు. రాజుగారు అల్లం కసాయం అని సెప్పి ముగ్గురికే ఇచ్చేవోరు. తగ్గింది ఆ ముగ్గురికే. ఆయన్ని కట్టీసిన మూడో దినానికి ఆ ముగ్గురికీ మల్లీ వచ్చింది. మిగతా వోలకి అసలు తగ్గనే నేదు. నాను రాసుకున్న కాయితం ఇదిగో."

కాగితం చూశాను. ముగ్గురి పేర్లు. తేదీలు. 

గొలుసుగదికి వెళ్లాను. రాజుగారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేవలేదు.

"ఏం తాగించారు మా వదినకి?"

"నేలవేము కషాయమండి."

"నేలవేము మా దగ్గర తొమ్మిది వేల సీసాలుంది."

"మీ దగ్గరున్నది చూడ్డానికి నేలవేమేనండి. నాది లోయ అంచున రాళ్లలో మొలిచింది. మేకలు కాసే ఆవిడొకావిడ తెచ్చిచ్చింది. యంత్రంలో పెట్టి చూశాను. ఎంత వచ్చిందో తెలుసాండి? ఆరు వందలు."

"నూరు కదా నిండు కొలత? ఆరు వందలు ఎలా వస్తుంది?"

"నేనూ అదే అనుకున్నానండి. యంత్రం చెడిందనుకుని విప్పి మళ్లీ బిగించాను. మళ్లీ ఆరు వందలే. అప్పుడు అనుమానం యంత్రం మీంచి కొలత సీసా మీదకి పోయింది."

"కమిటీకి చెప్పొచ్చుగా?"

ఆయన మొదటిసారి నా కళ్లలోకి చూశారు. "నేను పరాయివాణ్ణండి. ఈ కొండని బతికించిన మనిషి కొలత తప్పని నేనంటే ఎవరు వింటారు? మీరు వినేవారా?"

వినేదాన్ని కాదు.

పుష్యమి కార్తె, రెండో రోజు

కొలత సీసా చలిపెట్టెలో ఉంటుంది. ఇంతకాలం నేను దాన్ని చేత్తో పట్టుకున్నది లేదు. ఇవాళ తీసి చూశాను. సీసా మీద చీటీలో హైమవతిగారి రాత. కొండ ఎక్కిన ఏడాది తేదీ ఉండాలి. పోయిన ఏడాది స్వాతి కార్తె తేదీ ఉంది.

వెనక్కి తిరిగేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఎప్పటి నుంచమ్మగారూ?"

ఆవిడ లోపలికి వచ్చి స్టూలు మీద నెమ్మదిగా కూర్చున్నారు.

"అసలు సీసా అయిపోయి పద్నాలుగేళ్లయింది. తయారుచేసిన ఊరు నీళ్లలో ఉంది. కొలబద్ద లేకుండా మందు ఎలా ఇస్తాం? ఆ ఏడాది మన రసం నూరే ఉంది. దాన్నే కొలత సీసాలో పోశాను. తప్పేముంది చెప్పు? రెండేళ్లకి అదీ అయిపోయింది. ఆ ఏడాది రసం పోశాను. ప్రతిసారీ నూరే వచ్చింది. నేను ఒక్కసారి కూడా అబద్ధపు అంకె రాయలేదు."

"ప్రతిసారీ కొంచెం తగ్గింది."

"తగ్గి ఉంటుంది."

"తెలిసి ఊరుకున్నారా?"

"అనుమానం ఉండేది. తెలుసుకోవడానికి భయపడ్డాను." కొలత సీసాని నా చేతిలోంచి తీసుకున్నారు. "నువ్వు నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నావు కనుక ఒక్కటి చెబుతాను రత్నం. నేను కొలబద్దని మార్చాను. చేదుని తగ్గించింది నేను కాదు. కోత కోసేటప్పుడు నువ్వు ఏ మొక్కని ఎంచుతావు?"

"ఏపుగా పెరిగిందాన్ని."

"నీరసంగా, మెల్లిగా పెరిగేదాన్ని?"

నా చూపు మూలనున్న చెత్తబుట్ట మీదకి పోయింది.

"పారేస్తావు. నేనే నేర్పాను. సీసాల లెక్క పెరగాలి, జనం పెరుగుతున్నారు. కానీ ఆలోచించు. మొక్క తన బలాన్ని ఆకులు పెంచడానికైనా పెట్టాలి, చేదు చేయడానికైనా పెట్టాలి. తొందరగా పెరిగిందంటే రెండోది మానేసిందన్నమాట. ఐదు వారాలకోసారి, పందొమ్మిదేళ్లు, చేదున్నవాటినే ఏరి పారేశావు."

బల్ల మీద నా కత్తి ఉంది. దాని వైపు చూడలేకపోయాను. రాజుగారిని తొమ్మిది రోజులు కాపలా కాశాను. నా చేతిని ఒక్కరోజు కూడా కాయలేదు.

"రండి, కమిటీ ముందు చెబుదాం," అన్నాను.

"చుక్కల మీద నమ్మకం పోతే జనం ఏమవుతారో ఆలోచించావా?"

"జ్వరాలగదిలో పదకొండు మంది ఉన్నారమ్మగారూ. నమ్మకంతోనే తాగుతున్నారు."

ఆవిడ కొలత సీసాని బల్ల మీద పెట్టారు. తర్వాత చెయ్యి చాచారు, లేపమని.

పుష్యమి కార్తె, మూడో రోజు

కమిటీ ఇంట్లో హైమవతిగారు అంతా చెప్పారు.  నా కోత సంగతి నేను చెప్పాను. సన్యాసినాయుడుగారికి కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

"అయితే ఇప్పుడేటంటారు? ఆ మట్టి మొక్కల్ని కాల్చొద్దంటారు, అంతేనా?"

"అవి తప్ప ఇంక లేవు," అన్నారు రాజుగారు. ఆయన్ని విప్పి తీసుకొచ్చారు. "లోయ అంచు మొన్నటి వానకి జారిపోయిందంట. మిగతావి మీరు సున్నంలో కాల్చేశారు."

ఏడు మొక్కలు. పదకొండు మంది రోగులు. మొత్తం మరిగిస్తే పదకొండు మందికీ రెండేసి పూటలు వస్తుంది, కానీ ఆ తర్వాత ఈ కొండకి మందు ఉండదు. మొక్క మొత్తం సీసాల్లో పెడితే వానాకాలం దాటాక పంట ఉంటుంది, ఈ పదకొండు మందీ ఉండరు. నా పని నాకు తెలుసు కనుక నేనే చెప్పాను. సీసాలో బతికేది కణుపు మాత్రమే. కణుపులన్నీ నాకివ్వండి, ఆకులూ వేళ్లూ జ్వరాలగదికి ఇవ్వండి. బయట పెరిగిన మొక్కని ఎంత కడిగినా పదింట తొమ్మిది ముక్కలు బూజు పట్టి పోతాయి. అందుకని ఒక్క కణుపు కూడా వదులుకోలేను.

ఆకులు రోజుకో పూట చొప్పున నలుగురికి నాలుగు రోజులు సరిపోతాయని ఎస్తేరు లెక్క కట్టింది. జ్వరం వచ్చి నాలుగు రోజులు దాటని వాళ్లకైతే తప్పకుండా తగ్గుతుందట. వదినకి మొదట జ్వరం వచ్చి రెండు వారాలు కావస్తోంది.

"వదినకి ముందు పనిచేసింది కదా, మళ్లీ పనిచేస్తుంది," అన్నాను.

"కాలేయం పోయింది అక్కా. ఇస్తే ఆ నాలుగు పూటలూ దండగ. ఆ మూల సూలింత ఉంది సూడు, దానికి నిన్ననే జ్వరం వచ్చింది."

కషాయం నేనే కాచాను. వడకట్టి నాలుగు గ్లాసుల్లో పోశాను. అడుగున గుక్కెడు మిగిలింది. గిన్నెని చీర కొంగు చాటున పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో రాయక్కర్లేదు.

ఎస్తేరు చూసింది. వచ్చి గిన్నె తీసుకుంది. అరవలేదు.

"నిన్ను నమ్మను అక్కా, ఈ పూటకి," అని మిగతా ఆకులు పెట్టిన అలమారా తాళంచెవి కూడా అడిగి తీసుకుంది.

ఇచ్చేశాను.

పుష్యమి కార్తె, ఆరో రోజు

వదిన తెల్లవారాక పోయింది. ఆఖరికి ఒకసారి తెలివొచ్చింది. దుప్పటి తడిగా ఉందని గోల చేసింది. పొడి దుప్పటి కప్పాను. "ఇప్పుడు బాగుందమ్మీ," అంది. నేను చేసింది ఆవిడకి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. చెబితే నన్ను క్షమించాల్సిన పని కూడా ఆవిడ మీద పడుతుంది.

గ్లాసులు తాగిన నలుగురూ బతికారు. మిగతా ఆరుగురిలో ముగ్గురు పోయారు.

మధ్యాహ్నం గాలిపెట్టె ముందు కూర్చున్నాను. తడిగుడ్డలో చుట్టి చలిపెట్టెలో దాచిన రెండు వందల పన్నెండు కణుపులు. వదిన గుర్తొచ్చి కోత ఆగినప్పుడల్లా కత్తి మళ్లీ కాల్చాను. 

చిత్త కార్తె, ఐదో రోజు

చాలా రోజులు రాయలేదు. రాయడానికి కోతలు, బూజు తప్ప ఏమీ లేవు. రెండు వందల పన్నెండు సీసాల్లో నూట ఎనభై తొమ్మిది పోయాయి. ఇరవై మూడు నిలిచాయి. పాత తొమ్మిది వేల సీసాలూ అలాగే ఉన్నాయి. కొత్తవి పెరిగేదాకా వాటినుంచే ఆరింతల చుక్కలు ఇస్తున్నాం. కడుపులో మంట అంటున్నారు జనం, అయినా తాగుతున్నారు. అయినవాళ్లు పోయిన కొందరు మాత్రం మందుల గది గుమ్మం తొక్కడం లేదు. వాళ్లని తప్పుపట్టను.

హైమవతిగారు పదవి వదిలేశారు. కొండ దించాలని కొందరన్నారు గానీ, అది జరగలేదు. రోజూ వచ్చి సీసాలు కడిగే గదిలో కూర్చుంటారు. నేను వెళ్లి పలకరిస్తాను. ఆవిడ మీద కోపం పోలేదు. పలకరించడం మానలేదు.

రాజుగారిని మందుల గదికి పెద్దని చేశారు. ఆయన ఒక షరతు పెట్టారు. ఇకమీద ఏ కొలతా ఒక్కరే చూడకూడదు. ఇద్దరు చూడాలి, విడివిడిగా రాయాలి, ఆ ఇద్దరూ స్నేహితులు కాకూడదు. కొలత సీసాలో ఈ కొత్త మొక్కల రసం పోసి, పోసిన తేదీ అందరికీ కనపడేలా పైన రాసి, అది అయిపోయిన రోజున ఊరందరికీ చాటాలి. మెల్లిగా పెరిగే సీసాలని పారేయకుండా వేరే అలమారాలో పెట్టాలి.

ఇవాళ కొత్త మొక్కల మొదటి ఆకుల కొలత. రెండో మనిషిగా ఆయన నా పేరు చెప్పారని తెలిసి, వెళ్లి అడిగాను.

"మిమ్మల్ని కట్టేయించింది నేను. నేనెందుకు రాజుగారూ? ఎస్తేరుని పెట్టుకోండి."

"ఎస్తేరుగారు నన్ను నమ్ముతారండి. పనికిరారు." ఆయన యంత్రం మూత తుడుస్తూనే మాట్లాడారు. "ఈ కొండ మీద రెండేళ్లున్నాను. నా గోళ్లు చూసినవాళ్లు మీరొక్కరే. మీరే కావాలి."

అది నన్ను క్షమించడమో, ఎత్తిపొడుపో నాకు తెలియలేదు. అడగలేదు కూడా. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన రసాన్ని గాజు గొట్టంలోకి తీసుకోబోయారు.

"ఆ గొట్టం కడిగారా?"

"కడిగానండి, పొద్దున్నే."

"నేను చూడలేదు," అన్నాను.

ఆయన గొట్టాన్ని నా చేతికిచ్చి పక్కకి జరిగారు. దాన్ని తీసుకెళ్లి మళ్లీ కడిగాను.